నీటి సెన్సార్లు: స్వేదనజలంలో ఒక లెక్క, ఏటినీటిలో మరో లెక్క

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

నీటిలో కలిసిన రసాయన కాలుష్యాన్ని క్షణాల్లో పట్టేసే సెన్సార్ల గురించి ఈ మధ్య పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. పరికరం అరచేతిలో ఇమిడిపోతుందనీ, నీటిలో ముంచగానే సీసమో, పాదరసమో, ఆర్సెనికో వంద కోట్లలో ఒక వంతు ఉన్నా చెప్పేస్తుందనీ, ఇక ప్రయోగశాలల చుట్టూ తిరగనక్కర లేదనీ ఆ వార్తల సారాంశం. నీటి పరీక్షల ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక అవి చదివినప్పుడల్లా నాకు సంతోషమూ కలుగుతుంది, ఒక ప్రశ్నా మిగిలిపోతుంది. ఆ కొలతను ఏ నీటిలో తీశారు? స్వేదనజలంలో కొలిచిన లవణం కలిపి తీశారా, లేక బురదా నాచూ ఉప్పులూ కలగలిసిన నిజమైన ఏటినీటిలో తీశారా? వార్తల్లో ఆ ఒక్క మాట దాదాపు ఎప్పుడూ కనిపించదు. దాని గురించే ఈ ఉత్తరం.

వంద కోట్లలో ఒక వంతు అంటే లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము. 25 లక్షల లీటర్లు పట్టే పోటీల ఈతకొలనులో 2.5 గ్రాముల ఉప్పు, అంటే చెంచాలో సగం కూడా నిండనంత ఉప్పు, కలిపితే వచ్చే గాఢత అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఆర్సెనిక్‌కూ సీసానికీ లీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున, కాడ్మియానికి 3 మైక్రోగ్రాములు మార్గదర్శక పరిమితిగా పెట్టింది. ఫ్లోరైడ్ విషయంలో అదే సంస్థ 1.5 మిల్లీగ్రాముల దాకా, అంటే 1,500 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఒక్కో పురుగుమందుకు సాధారణంగా ఉన్న పరిమితి 0.1 మైక్రోగ్రాము. నాన్‌స్టిక్ పూతల తయారీలోనూ మంటలార్పే నురగల్లోనూ వాడుతూ వచ్చిన పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండు ఫ్లోరిన్ రసాయనాలకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో ఖరారు చేసిన పరిమితి 4 నానోగ్రాములు, అంటే మైక్రోగ్రాములో వెయ్యింట నాలుగు వంతులు. ఈ చివరి అంకెకూ ఫ్లోరైడ్ అంకెకూ మధ్య 3,75,000 రెట్ల తేడా ఉంది. అందువల్ల 'నీటి కాలుష్యాన్ని పట్టే సెన్సార్' అని ఎవరైనా అంటే, ఏ కాలుష్యాన్ని, ఏ హద్దు దగ్గర అని అడగకుండా ఆ మాటకు అర్థం చెప్పుకోలేము.

అన్నిటికంటే బాగా కుదిరిన సెన్సార్‌తోనే మొదలుపెడతాను. నీటిలో ముంచి వోల్టేజి కొలిచే లేదా ఇచ్చే భాగాన్ని ఎలక్ట్రోడ్ అంటారు. 1966లో వెలుగులోకి వచ్చిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌లో లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు పలుచని బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ స్ఫటికంలోపల ఒకచోటి నుంచి మరోచోటికి కదలగలిగేది ఫ్లోరైడ్ అయాను (విద్యుదావేశం ఉన్న కణం) మాత్రమే కావడంతో, తక్కిన అయాన్ల గోల దానికి పెద్దగా పట్టదు. నీటిలో ఫ్లోరైడ్ పది రెట్లు మారితే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఇంత చక్కని పరికరంలోనూ రెండు చిక్కులున్నాయి. మొదటిది, రీడింగ్‌లో ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే జవాబులో నూటికి నాలుగు పాళ్ల తప్పు వస్తుంది; సీసం వంటి రెండు ఆవేశాల అయాన్లను ఇదే పద్ధతిలో కొలిస్తే ఆ తప్పు రెట్టింపవుతుంది. రెండోది, నీటిలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను తమతో కట్టేసుకుంటాయి, కట్టుబడిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌కు కనిపించదు. ప్రయోగశాలలో మేము ప్రతి నమూనాలోనూ ముందుగా ఒక బఫర్ ద్రావణం కలిపి, ఆ లోహాలను వేరే బంధంలో పెట్టి, ఫ్లోరైడ్‌ను విడిపించి ఆ తర్వాతే కొలిచేవాళ్లం. ఏటిలో వేలాడదీసిన సెన్సార్‌కు ఆ బఫర్ ఎవరు కలుపుతారు? వార్తల్లో ఒక్క వాక్యంగా ఉండే 'నీటిలో ముంచితే చాలు' అన్న మాట వెనుక దాగిపోయేది ఈ పనే.

ఇక సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాల సంగతి. చెక్ శాస్త్రవేత్త యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1922లో పాదరసపు బొట్టునే ఎలక్ట్రోడ్‌గా పెట్టి కనిపెట్టిన పోలరోగ్రఫీ అనే విద్యుత్ కొలత పద్ధతికి 1959లో నోబెల్ బహుమతి వచ్చింది. దాని సంతతిలో పుట్టిన పద్ధతే నేటి చేతి పరికరాల్లో చాలావాటికి ఆధారం. ఎలక్ట్రోడ్‌కు రుణ వోల్టేజి ఇచ్చి కొన్ని నిమిషాలు నీటిని కలియబెడితే, కరిగి ఉన్న లోహం కొద్దికొద్దిగా వచ్చి దాని మీద పేరుకుంటుంది. తర్వాత వోల్టేజిని మెల్లగా పైకి తెస్తే, ఒక్కో లోహం తనకు చెందిన వోల్టేజి దగ్గర ఊడి మళ్లీ నీటిలోకి దిగుతూ ఒక విద్యుత్ శిఖరాన్ని గీస్తుంది. ఆ శిఖరం ఎక్కడుందో చూసి ఏ లోహమో, ఎంత పెద్దదో చూసి ఎంత లోహమో చెప్పవచ్చు. చీమలు గింజలు పోగుచేసినట్లు ముందు కూడబెట్టి తర్వాత లెక్కపెట్టడమే ఇందులోని కిటుకు. అందువల్లనే మైక్రోగ్రాములో చిన్న భాగాన్ని కూడా ఇది అందుకోగలుగుతుంది. పాదరసమే విషం కనుక 2000 నుంచి బిస్మత్ పూత పూసిన కార్బన్ ఎలక్ట్రోడ్లు దాని స్థానంలోకి రావడం నిజంగా మెచ్చుకోదగిన మార్పు.

అయితే ఎలక్ట్రోడ్ మీద పేరుకునేది స్వేచ్ఛగా తిరిగే లోహమే. ఆకులూ నేలలూ కుళ్లి ఏటినీటికి టీ రంగు తెచ్చే హ్యూమిక్ పదార్థాలు సీసాన్ని గట్టిగా పట్టుకుంటాయి. బురద రేణువులకు అంటుకున్న సీసం మరికొంత ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఇటువంటి పరికరం ఒకటి మా చేతికి వచ్చింది. స్వేదనజలంలో 10 మైక్రోగ్రాముల సీసం కలిపి ఇస్తే అది పదికి పది చూపింది. అదే సీసాన్ని వానాకాలపు ఏటినీటిలో కలిపి ఇచ్చాము; మూడు దాటలేదు. ఆ నీటినే నైట్రిక్ ఆమ్లంతో మరిగించి, బంధాలన్నీ తెంచి మళ్లీ ఇస్తే అంకె తిరిగి పదికి దగ్గరగా వచ్చింది. ఇక్కడ పరికరం అబద్ధం చెప్పలేదు. 'స్వేచ్ఛగా ఉన్న సీసం ఎంత' అనే ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. కానీ తాగునీటి ప్రమాణం అడిగేది మొత్తం సీసం ఎంత అని. ఆ నీరు తాగినవాడి కడుపులోని ఆమ్లం అందులో మరికొంత సీసాన్ని విడిపిస్తుంది కూడా.

పరికరాలు ప్రకటించే 'గుర్తింపు హద్దు' గురించి కూడా పాఠకులకు తెలియాలి. కాలుష్యం ఏమీ లేని నీటిని పదేపదే కొలిస్తే రీడింగులు కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగిసలాటకు మూడు రెట్లను గుర్తింపు హద్దుగా లెక్కగట్టడం ఆనవాయితీ. స్వేదనజలంలో ఆ ఊగిసలాట తక్కువ కనుక హద్దు అద్భుతంగా కనిపిస్తుంది. ఏటినీటిలో ఊగిసలాట పెరిగితే హద్దూ పెరుగుతుంది. పైగా 'ఉంది' అని చెప్పగలిగే హద్దు వేరు, 'ఇంత ఉంది' అని నమ్మకంగా చెప్పగలిగే హద్దు వేరు. రెండోది మొదటిదానికి సుమారు మూడు రెట్లుంటుంది. రెండింటినీ ఒకటే అన్నట్లు రాసే ప్రకటన పత్రాలు నా చేతిలో ఎన్ని పడ్డాయో లెక్కలేదు.

పాచి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తిగా ఉంటుంది. నీటిలో ఉంచిన ఏ వస్తువు మీదనైనా కొద్ది రోజుల్లోనే సూక్ష్మజీవుల జిగట పొర పడుతుంది. ఆ పొర కింద ఎలక్ట్రోడ్ కొలిచేది ఏటిని కాదు, పాచిని. బ్రష్షులు తిరిగే సెన్సార్లు, రాగి కవచాలు తొడిగిన సెన్సార్లు వచ్చాయి. అవి గడువును పొడిగిస్తాయి తప్ప పూర్తిగా తీర్చవు. ఎంత ఖరీదైన సెన్సార్‌నైనా ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వెళ్లి తీసి, కడిగి, తెలిసిన ద్రావణంలో పెట్టి సరిచూసుకోవలసిందే. కొన్న రోజు ఫొటోలు తీసినంత శ్రద్ధగా ఈ పని జరగడం నేను అరుదుగా చూశాను.

ఇదంతా చదివి సెన్సార్లంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోవద్దు. ప్రయోగశాలకు లేని ఒక గొప్ప గుణం వాటికుంది: అవి అక్కడే, ఆ క్షణంలోనే ఉంటాయి. నెలకు ఒకసారి సీసా నింపుకుని వచ్చే మనిషి, నెలలోని 43,200 నిమిషాల్లో ఒక్క నిమిషపు నీటిని మాత్రమే చూస్తాడు. మందు చల్లిన పొలాల మీద వాన పడితే పురుగుమందులు చిన్న వాగుల్లోకి కొన్ని గంటల పాటు ఉప్పెనలా వచ్చి పోతాయి. మర్నాడు తెచ్చిన సీసాలో ఆ జాడ ఉండకపోవచ్చు; అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మా మాస్ స్పెక్ట్రోమీటరు నానోగ్రాములు లెక్కపెట్టి ఇచ్చే అత్యంత కచ్చితమైన నివేదిక, దాటిపోయిన నీటి గురించి కాక వెనక వచ్చిన నీటి గురించి అవుతుంది. కాబట్టి సెన్సార్ అసలు విలువ అది ఎంత తక్కువను కొలుస్తుందన్న దానిలో కంటే ఎప్పుడు కొలుస్తుందన్న దానిలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2014 జనవరి 9న, బొగ్గును శుద్ధిచేయడానికి వాడే ఒక రసాయనం నిల్వ తొట్టి నుంచి కారి ఎల్క్ నదిలో కలిసింది. సుమారు 3 లక్షల మందికి కుళాయి నీటిని ముట్టుకోవద్దని చెప్పవలసి వచ్చింది. దాన్ని మొదట బయటపెట్టింది ఏ యంత్రమూ కాదు, అతిమధురం లాంటి తీపి వాసన వస్తోందని చుట్టుపక్కల జనం చేసిన ఫిర్యాదులు. ఆ రసాయనం కోసం ఎవరూ సెన్సార్ పెట్టుకోలేదు, పెట్టుకోరు కూడా. వేల రసాయనాలకు వేల సెన్సార్లు పెట్టడం అయ్యే పని కాదు. ఇటువంటి చోట పనికొచ్చేవి ఏ ఒక్క విషాన్నీ పేరుపెట్టి చెప్పలేని మామూలు సెన్సార్లే: నీటి విద్యుత్ వాహకత, మొత్తం సేంద్రియ కార్బన్, 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నీరు ఎంత పీల్చుకుంటుందన్న కొలత. వీటిలో ఏదైనా ఉన్నట్టుండి మారితే ఆ క్షణంలోనే ఒక యంత్రం సీసా నింపిపెట్టాలి. ఆ సీసాలో ఏముందో ప్రయోగశాల చెబుతుంది. కాపలా కుక్క దొంగ పేరు చెప్పనక్కర లేదు, సమయానికి మొరిగితే చాలు.

మొరిగే పనికి ప్రాణులను కూడా పెట్టుకున్నారు. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దగ్గర రసాయనాల గోదాము తగలబడినప్పుడు, మంటలార్పిన నీటితో పాటు టన్నుల కొద్దీ పురుగుమందులు రైన్ నదిలోకి పోయి, దిగువన వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చాయి. ఆ తర్వాతి కాలంలో రైన్ ఒడ్డున పరిశీలన కేంద్రాల్లో రసాయన పరికరాల పక్కన డాఫ్నియా అనే ఆవగింజంత నీటి పురుగులు చేరాయి. నది నీటిలో అవి ఈదే తీరును కెమెరా గమనిస్తూ ఉంటుంది. ఈత తీరు ఒక్కసారిగా మారిందంటే నీటిలో ఏదో తేడా ఉన్నట్లే. తనంతట తాను వెలుగులీనే ఒక సముద్రపు బాక్టీరియా కాంతి మసకబారడాన్ని కొలిచే పరీక్ష కూడా ఇటువంటిదే. పురుగుమందులు నరాల్లో అడ్డుకునే ఎసిటైల్ కోలినెస్టరేస్ అనే ఎంజైమునే చిన్న చిప్ మీద పెట్టి తయారుచేసే సెన్సార్లు కూడా ఈ కోవకే వస్తాయి. అవి ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతి మందులకు స్పందిస్తాయి, అందులో ఏ మందో మాత్రం చెప్పలేవు. కొన్ని లోహాలు తగిలినా అలాగే స్పందిస్తాయి. హెచ్చరికగా చూస్తే ఇది లోపం కాదు. కోర్టులో సాక్ష్యంగా చూస్తే పనికిరాదు.

హెచ్చరిక అన్నాక తప్పుడు హెచ్చరికల లెక్క చూడక తప్పదు. పావుగంటకోసారి కొలిచే సెన్సార్ రోజుకు 96 రీడింగులు ఇస్తుంది. వందలో ఒకటి మాత్రమే తప్పు అని తయారీదారు గర్వంగా చెప్పుకునే పరికరమైనా సరే, దాదాపు రోజుకొకసారి ఉత్తపుణ్యానికి మోగుతుంది. అటువంటివి 50 పెడితే రోజుకు 48 అలారాలు. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే. నేను పరిశీలనకు వెళ్లిన ఒక నీటిశుద్ధి కేంద్రంలో, అర్ధరాత్రి నిద్ర చెడగొడుతోందని అలారం తీగను ఊడబీకి చక్కగా చుట్టి మేకుకు తగిలించి ఉంచారు. పనిచేసేవాళ్లను తప్పుపట్టాలనిపించలేదు, వరుసగా ముప్పై రాత్రులు ఉత్తుత్తిగా లేచినవాడు ముప్పై ఒకటో రాత్రి ఎందుకు లేస్తాడు? వరుసగా రెండు రీడింగులు హద్దు దాటితేనే మోగేటట్లు పెడితే సరిపోతుందని కొందరంటారు. ఏ రీడింగు తప్పు దానిదే అయినప్పుడు అది నిజమే, తప్పులు పదివేలకొకటికి తగ్గుతాయి. కానీ పాచి పట్టిన సెన్సార్ ఒకసారి తప్పు చెప్పిందంటే తర్వాతి రీడింగులోనూ అదే తప్పు చెబుతుంది. పక్కపక్కన రెండు వేర్వేరు సూత్రాలతో పనిచేసే సెన్సార్లు పెట్టి, రెండూ ఒప్పుకున్నప్పుడే మోగించడం మేలు.

ఎక్కడ పెట్టాలన్నది మరో సంగతి. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరును మార్చినప్పుడు, గొట్టాల తుప్పును అదుపులో పెట్టే రసాయనం కలపకపోవడంతో సరఫరా దారిలోని సీసపు గొట్టాల నుంచి సీసం నీటిలోకి దిగింది. శుద్ధికేంద్రం గుమ్మంలో ఎంత గొప్ప సెన్సార్ ఉన్నా ఆ సీసం దానికి కనిపించేది కాదు, ఎందుకంటే అది ఆ గుమ్మం దాటాకే పుట్టింది. బంగ్లాదేశ్‌లో కథ ఇంకో రకం. చెరువుల నీటితో వచ్చే రోగాలను తప్పించడానికి 1970ల నుంచి అక్కడ లక్షల గొట్టపు బావులు తవ్వించారు. వాటిలో ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడింది. పక్కపక్క బావుల్లోనే ఒకదానిలో విషం, మరొకదానిలో మంచినీరు ఉండడంతో ప్రతి బావినీ విడిగా పరీక్షించక తప్పలేదు. భూగర్భజలం ఏరులా గంటగంటకూ మారదు కనుక అక్కడ నిరంతరం కొలిచే సెన్సార్‌తో పనిలేదు. నీటిలోని ఆర్సెనిక్‌ను వాయువుగా మార్చి, మెర్క్యూరిక్ బ్రోమైడ్ కాగితం మీద పసుపు నుంచి గోధుమ రంగు దాకా మరక తెప్పించే చిన్న కిట్లతో బావులను పరీక్షించి, ప్రమాదకరమైన వాటికి ఎరుపు, మిగిలిన వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. హద్దుకు దగ్గరగా ఉన్న బావుల విషయంలో మరక ఛాయను కంటితో పోల్చడంలో పొరపాట్లు జరిగాయి. అయినా, ఎంతో కచ్చితమైన యంత్రం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే ఆ మోటు కిట్లే ఎక్కువమందిని విషపు నీటికి దూరంగా జరిపి ఉంటాయని నా నమ్మకం. నాలాంటి ప్రయోగశాల మనిషికి ఈ మాట ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

పైన చెప్పిన పీఎఫ్‌ఓఏ జాతి రసాయనాలకు మాత్రం నమ్మదగిన సెన్సార్ ఇప్పట్లో ఏటిలోకి దిగుతుందని నేను అనుకోను. వాటికి రంగు లేదు, ఎలక్ట్రోడ్ మీద తేలికగా ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే గుణమూ లేదు, పైగా ఆ కుటుంబంలో వేల సభ్యులున్నాయి. లక్ష కోట్లలో నాలుగు వంతుల దగ్గర వాటిని పేరుపేరునా వేరుచేయడానికి ప్రస్తుతానికి ప్రయోగశాలే గతి.

అందువల్ల సంపాదకుల వారికి నా విన్నపం ఇది. ఇకపై ఇటువంటి ఆవిష్కరణ వార్త వచ్చినప్పుడు, దాన్ని ఏ నీటిలో పరీక్షించారో, ఎన్ని రోజులు నీటిలో ఉంచారో, ఎన్నాళ్లకొకసారి సరిచూడాలో, ప్రయోగశాల ఫలితంతో పోల్చి చూశారో లేదో ఆ పరిశోధకులనే అడిగి రెండు వాక్యాలు చేర్చండి. అడిగితే వాళ్లు సంతోషంగానే చెబుతారు. పరిశోధన పత్రంలో అవన్నీ ఉంటాయి, వార్త దాకా వచ్చేసరికి రాలిపోతాయి. మరొక చిన్న సంగతి. పరికరం తెర మీద సున్నా కనిపించినప్పుడు 'నీటిలో ఆర్సెనిక్ లేదు' అని రాయవద్దు. ఆ పరికరం గుర్తింపు హద్దు 20 మైక్రోగ్రాములైతే, ఆరోగ్య పరిమితికి దాదాపు రెట్టింపు ఆర్సెనిక్ ఉన్న నీటికి కూడా అది సున్నాయే చూపుతుంది. మా నివేదికల్లో మేమెప్పుడూ సున్నా రాసేవాళ్లం కాదు. '20 మైక్రోగ్రాముల కంటే తక్కువ' అని రాసేవాళ్లం. మీ పత్రికలోనూ అలాగే రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విరమించిన ఒక రసాయన విశ్లేషకుడు